మూడడుగుల ట్యాంక్‌లో ఆఫ్రికన్ సిక్లిడ్లు: మిక్స్ వద్దు, ఒకే జాతి పెంచండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయనగరంలో ఇల్లు, హాల్లో 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంక్. రెండు నెలల కిందట షాపులో ‘ఆఫ్రికన్ మిక్స్’ అంటే 14 పిల్లలు తెచ్చి వేశారు. ఇప్పటికి 5 పోయాయి. మిగిలిన 9లో పసుపు మీద నల్ల చారలున్న చేప ఒకటి రోజురోజుకీ నల్లబడుతూ మిగతావాటిని మూలకి తరుముతోంది. చేపలకి మంచిదని తాగే నీళ్ల క్యాన్లే తెచ్చి పోస్తున్నారు. షాపతను ఇంకో పది వేస్తే కొట్లాట సర్దుకుంటుందన్నాడు. ఇంట్లో ఇంకో 2 అడుగుల ట్యాంక్ ఖాళీగా ఉంది. ఇప్పుడు ఏ చేపలు, ఎన్ని వేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇంకో పది కాదు, ఒక్కటి కూడా ఇప్పుడు వేయకండి. పెద్ద ట్యాంక్‌లో ఒకే జాతి, 8 నుంచి 10 చేపలు, అంతే. చిన్న ట్యాంక్‌లో ఎంబునాలు, అంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు రాళ్ల మధ్య బతికే ఇలాంటి చేపలు, వద్దే వద్దు, దానికి నత్తగుల్లల్లో కాపురం ఉండే చిన్న చేపలున్నాయి, వాటి గురించి కింద రాశాను. క్యాన్ నీళ్లు మానేసి బోరు నీళ్లకి రండి, కానీ ఒక్కరోజులో రాకండి, ఆ తొందర మిగిలిన తొమ్మిదింటినీ చంపేయగలదు.

ముందు ఆ నల్లబడుతున్న చేప సంగతి. పసుపు ఒంటి మీద పొడవునా నల్ల చారలుంటే అది దాదాపు ఖాయంగా ఆరటస్, పూర్తి పేరు మెలనోక్రోమిస్ ఆరటస్. పిల్లప్పుడు అన్నీ పసుపే, ఆడవి జీవితాంతం పసుపే. మగది ఎదిగేకొద్దీ రంగు తిరగబడుతుంది, ఒళ్లు నలుపు, చారలు లేతరంగు. మీ ట్యాంక్‌లో నల్లబడుతున్నది ఇప్పుడిప్పుడే మగతనం చూపిస్తున్న చేప. అది అచ్చం దాని స్వభావం ప్రకారమే ప్రవర్తిస్తోంది, దానికి జబ్బేమీ లేదు. ఎంబునాల్లో అతి దురుసు చేపల పేర్లు చెప్పమంటే మొదటి మూడింటిలో దీన్ని చెప్తాను. ఇదింకా 6 సెంటీమీటర్లు కూడా ఉండదేమో, 10 దాటాక మూడడుగుల ట్యాంక్ మొత్తం తనదే అంటుంది. షాపుల మిక్స్‌లో ఇది తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే పిల్లప్పుడు అన్నిటికంటే అందంగా ఉండేది ఇదే. ఇంకొకటి కెన్యీ. నీలం మీద చారలతో అమ్ముతారు, మగది పెద్దయ్యాక పసుపు అవుతుంది, దురుసులో ఆరటస్‌కి తీసిపోదు.

నేను 2012లో ఇదే పని చేశాను. మూడడుగుల ట్యాంక్, 20 పిల్లలు, అన్నీ మిక్స్. ఆరు నెలలు ఎంత అందంగా ఉందో చెప్పలేను, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు నిలబడేవారు. ఏడో నెలలో మొదలైంది. పొద్దున్నే లేచి చూస్తే ఒకటి రెక్కలు చీలిపోయి పైన మూలకి అతుక్కుని ఉండేది, రెండు రోజులకి పోయేది, తర్వాత ఇంకోటి. ఏడాది తిరిగేసరికి ఒక్క కెన్యీ మగది మిగిలింది. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టే ఇప్పుడు ఇంత వివరంగా రాస్తున్నాను.

సిక్లిడ్ అంటే ఎక్కడిదో వింత చేప అనుకోకండి. మన చెరువుల్లో ఉన్న తిలాపియా కూడా ఆఫ్రికన్ సిక్లిడే. మొజాంబిక్ తిలాపియా మన దేశానికి వచ్చింది 1952లో. వేసవిలో చెరువు నీళ్లు తగ్గినప్పుడు గట్టు వారన పళ్లెం ఆకారంలో గుంటలు కనిపిస్తాయి కదా, అవి మగ తిలాపియా తవ్వుకున్న గూళ్లు. దాని దగ్గరికి ఇంకో మగది వస్తే ఊరుకోదు. ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని మోస్తుంది. మలావీ చేపల గుణం కూడా అదే, కాకపోతే అక్కడ మట్టి గట్టుకి బదులు రాతి గుట్టలు. ఎంబునా అనే మాట ఆ సరస్సు ఒడ్డున ఉండే తోంగా వాళ్లది, రాళ్ల మధ్య బతికే చేప అని అర్థం. రాతిమీద పాచిని గీరుకు తింటూ, తన రాతి సందుని కాపాడుకుంటూ బతికే చేప అది. సరస్సులో ఓడిపోయింది పది మీటర్లు పారిపోతుంది, కథ అయిపోతుంది. మీ ట్యాంక్‌లో పారిపోవడానికి 90 సెంటీమీటర్లుంది. చేప చనిపోయేది చాలాసార్లు కాటు వల్ల కాదు, పారిపోయే చోటు లేక, రోజంతా టెన్షన్‌తో, తిండి మానేసి.

ఇక షాపతని సలహా. అది పూర్తిగా తప్పు మాట కాదు, అందుకే ప్రమాదం. నాలుగైదు అడుగుల ట్యాంక్‌లో, 250 లీటర్లు పైన నీళ్లుండి, గట్టి ఫిల్టర్ రెండు ఉంటే, చేపల్ని కాస్త ఒత్తుగా పెంచుతారు. ఎవడు ఎవణ్ణి తరుముతున్నాడో తెలియనంత మంది ఉంటే కోపం ఒక్కదాని మీదే పడదు. కానీ మీ ట్యాంక్ లెక్క చూడండి. 91 ఇంటూ 30 ఇంటూ 46 సెంటీమీటర్లు, వెయ్యితో భాగిస్తే 125 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను నికరంగా 100 దగ్గర. అందులో 20 ఎంబునాలు పెద్దవైతే వాటి వ్యర్థాన్ని మీ ఫిల్టర్ మోయలేదు. అసలు ఇబ్బంది లీటర్లు కూడా కాదు, వెడల్పు. అడుగు వెడల్పు అంటే ముందూ వెనకా అని రెండు ఇలాకాలు పడవు, పొడవునా ఎడమ, కుడి, అంతే. ఎత్తు ఎంత పెంచినా ఈ చేపలకి ఉపయోగం తక్కువ. వాటికి కావలసింది నేల.

కాబట్టి మూడడుగుల దాంట్లో నేను వేయమనేది ఎలక్ట్రిక్ యెల్లో, లాబిడోక్రోమిస్ కెరూలియస్. మన షాపుల్లో తేలిగ్గా దొరికేది ఇదే, ఎంబునాల్లో నెమ్మదైనది కూడా ఇదే. ఒంటినిండా పసుపు, వీపు రెక్క అంచున నల్ల గీత. 10 సెంటీమీటర్లకి అటూ ఇటూగా పెరుగుతుంది. పిల్లల్లో ఆడ మగ పోల్చడం కష్టం, అందుకని 10 పిల్లలు ఒకేసారి, వీలైతే ఒకే చోట కాకుండా రెండు చోట్ల నుంచి తెచ్చి, ఒకే రోజు వేయండి. ఎదిగాక మగవి ఎక్కువైతే తీసేయండి. చివరికి ఒకటి లేదా రెండు మగవి, ఐదారు ఆడవి ఉంటే ట్యాంక్ ప్రశాంతంగా ఉంటుంది. కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. నారింజ ఛాయ ఉన్నా, ఒంటి మీద లేత అడ్డచారలు మసకగా కనబడుతున్నా అది రెడ్ జీబ్రాతో క్రాస్ అయిన చేప అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రెండూ చాలా సులువుగా కలుస్తాయి, అందుకే రెండిటినీ ఒకే ట్యాంక్‌లో పెట్టకూడదు. క్రాస్ చేప పెంచుకోవడం తప్పు కాదు గానీ దాని స్వభావం ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

నీలం కూడా కావాలి, ఒకే రంగయితే ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు అంటారేమో. దానికి సౌలోసీ ఉంది. నాకు మనసుకి బాగా దగ్గరైన చేప. ఆడవీ పిల్లలూ పసుపు, మగది ఎదిగాక నీలం మీద నల్లని అడ్డపట్టీలు. ఒకే జాతి, చూసేవాళ్లకి రెండు జాతుల్లా ఉంటుంది, క్రాస్ భయం లేదు. చిన్న చేప, ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు. 10 వేసి రెండు మగవి ఉంచుకుంటే చాలు. మన దగ్గర షాపులో దొరకడం కష్టం, చెన్నై కొళత్తూరు వైపు నుంచో, కలకత్తా నుంచో పెంపకందార్ల దగ్గర తెప్పించుకోవాలి. మన జిల్లాలు ఆ రెండు ఊళ్ల మధ్య రైలు దారిలోనే ఉన్నాయి కాబట్టి, ఆక్సిజన్ నింపిన కవర్లు థర్మాకోల్ పెట్టెలో పెట్టి పంపితే చలికాలంలో బాగానే చేరుతున్నాయి. మే నెలలో మాత్రం తెప్పించకండి.

డెమసోనీ అడగకండి. ముదురు నీలం పట్టీలతో అద్భుతంగా ఉంటుంది, నిజమే, కానీ తన జాతి చేపనే చంపుతుంది, డజను పైన గుంపు ఉంటేనే కుదురుతుంది, మీ అడుగు వెడల్పులో కుదరదు. ఫ్రంటోసా 30 సెంటీమీటర్లు దాటుతుంది, షాపులో వేలెడంత పిల్లగా చూసి మోసపోకండి. వీనస్టస్, లివింగ్‌స్టనీ కూడా అంతే, అవి పాతిక సెంటీమీటర్ల వేటచేపలు. ఈ లివింగ్‌స్టనీ చచ్చినట్టు నేలమీద పక్కకి పడి ఉండి, పీక్కుతిందామని దగ్గరికొచ్చిన చిన్న చేపని గుటుక్కున మింగుతుంది. పీకాక్‌లు మెత్తని చేపలు, ఎంబునాల పక్కన రంగు కూడా తేలవు. రెడ్ జ్యువెల్ కూడా ఆఫ్రికా చేపే కానీ నదుల్లోది, జత కట్టిందంటే ట్యాంక్‌లో ఇంకెవర్నీ బతకనివ్వదు.

ఇప్పుడు నీళ్లు. మీ ఐదు చేపలు పోవడానికి ఆరటస్ కంటే నీళ్లే ఎక్కువ కారణం అని నా నమ్మకం.

మలావీ సరస్సువి గట్టి నీళ్లు, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్లు, పీహెచ్ 7.7 నుంచి 8.6 మధ్య. క్యాన్‌లో వచ్చేది ఆర్‌ఓ నీళ్లు, అందులో ఖనిజాలు దాదాపు తీసేసి ఉంటాయి. మనకి తాగడానికి సరే. ఈ చేపలకి అది ఉప్పూ పులుపూ లేని కూడు లాంటిది. అంతకంటే పెద్ద సమస్య ఇంకోటుంది. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ పనిలో నీటిలోని కార్బనేట్ ఖర్చయిపోతూ ఉంటుంది. ఆర్‌ఓ నీళ్లలో ఖర్చవడానికి కార్బనేటే లేదు. దాంతో పీహెచ్ 6 దగ్గరికి జారిపోతుంది, అంత పులుపులో బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుపోతుంది. పీహెచ్ తక్కువ ఉన్నంతకాలం ఆ అమ్మోనియా ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంత విషం కాదు. చేపలు నీరసంగా ఉంటాయి గానీ బతుకుతాయి. అప్పుడు మీరు ఎవరి మాటో విని సగం నీళ్లు తీసి గట్టి బోరు నీళ్లు పోశారనుకోండి, లేదా వంటసోడా గుప్పెడు కలిపారనుకోండి, పీహెచ్ ఒక్కసారి 8 దాటుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8.2 దగ్గర పది వంతులు ఉంటుంది. గంటల్లో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. నీళ్లు మార్చినందుకే చచ్చిపోయాయి అని మనవాళ్లు చెప్పే చావుల్లో చాలా మటుకు ఇదే జరిగి ఉంటుంది.

అందుకని ముందు కొలత. మన జిల్లాల్లో ఉన్న సౌకర్యం హైదరాబాద్ వాళ్లకి కూడా లేదు, రొయ్యల చెరువులు. తీరం వెంబడి రొయ్యల రైతుల కోసం నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులు, మందుల షాపులు ఉన్నాయి. లీటరు సీసాల్లో మీ ట్యాంక్ నీళ్లు ఒకటి, బోరు నీళ్లు ఒకటి పట్టుకెళ్లి పీహెచ్, ఆల్కలినిటీ (ఆ కార్బనేట్ ఎంతుందో చెప్పే కొలత), హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ చూడమనండి. సీసా పూర్తిగా నింపి మూత బిగించి, అదే రోజు ఇవ్వండి. టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి బోరు నీళ్లు గట్టివి అనుకోకండి, తీరం దగ్గర ఉప్పు వల్ల కూడా టీడీఎస్ పెరుగుతుంది. వీధికీ వీధికీ బోరు మారిపోతుంది కాబట్టి పక్కింటి రిపోర్టు మీకు పనికిరాదు.

ట్యాంక్‌లో అమ్మోనియా కనబడితే ముందు దాన్ని దించాలి. మేత రెండు రోజులు ఆపండి. ట్యాంక్ పీహెచ్‌కి దగ్గరగా ఉన్న నీళ్లతోనే, అంటే ఇప్పటికి మీ క్యాన్ నీళ్లతోనే, రోజూ పాతిక శాతం మార్చండి. అమ్మోనియా దాదాపు సున్నాకి వచ్చాక బోరు నీళ్లు మొదలుపెట్టండి, రోజు విడిచి రోజు 15 శాతం. నెల రోజుల్లో దాదాపు పూర్తిగా మారిపోతారు. బోరు నీళ్లు కూడా మెత్తగా ఉంటే, అంటే ఆల్కలినిటీ తక్కువ వస్తే, కొత్తగా పోసే నీళ్లలో వంటసోడా కలపండి. 50 లీటర్లకి 6 గ్రాములు, అంటే ఒక టీ స్పూను, ఆల్కలినిటీని 70 పీపీఎం దాకా పెంచుతుంది. బకెట్‌లో కరిగించి పోయాలి, ట్యాంక్‌లో నేరుగా చల్లకూడదు. దీనికి తోడు ఫిల్టర్‌లో ఒక గుడ్డ సంచీతో గవ్వల ముక్కలో, కోరల్ ముక్కలో పెట్టుకుంటే అవి నెమ్మదిగా కరుగుతూ పీహెచ్ జారిపోకుండా కాస్తాయి.

బోరు నీళ్లు పట్టి రాత్రంతా గాలి పెట్టి ఉంచండి, కొన్ని బోర్లలో నీళ్లు అప్పుడే తోడినప్పుడు ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. మునిసిపల్ కుళాయి అయితే క్లోరిన్‌ని విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసి తీరాలి. వానాకాలంలో వరదొచ్చాకో, తుపాను తర్వాతో కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, అప్పుడు మామూలు మోతాదు చాలదు, వాసన చూసి పెంచుకోవాలి. ఇంకో మాట, మీ దగ్గర క్యాన్లు మిగిలాయి కదా, పారేయకండి. వేసవిలో నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే ఆ తగ్గినంత వరకు క్యాన్ నీళ్లే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఖనిజాలు ట్యాంక్‌లోనే ఉండిపోతాయి.

ఫిల్టర్ గురించి మీరు రాయలేదు. 125 లీటర్లకి గంటకి 800 నుంచి 1000 లీటర్లు తిప్పే పవర్ ఫిల్టర్ ఒకటి, దానికి తోడు ఎయిర్ పంప్ మీద నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి పెట్టండి. కొత్త ట్యాంక్ అయితే బ్యాక్టీరియా ఏర్పడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండా నడపాలి. స్పాంజ్‌ని కుళాయి కింద కడగకండి, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. ఇందులో బద్ధకం పనికిరాదు.

రాళ్లు, ఇసుక మనకి కొదవలేదు. టెక్కలి నీలి గ్రానైట్ ముక్కలు కోత మిల్లుల దగ్గర దొరుకుతాయి, నీళ్లలో ఏమీ వదలవు, పసుపు చేప వెనక ఆ నీలం ఛాయ ఎంత బాగుంటుందో చూస్తేగానీ తెలియదు. అంచులు మాత్రం కత్తిలా ఉంటాయి, అరగదీయించుకోండి, లేదంటే నాగావళిలోనో వంశధారలోనో నునుపెక్కిన గుండ్రాళ్లు వాడండి. రాళ్లు ముందు పెట్టి, తర్వాత ఇసుక పోయాలి. ఇది తిరగేయకండి, ఈ చేపలు రాయి కింద ఇసుక తవ్వేస్తాయి, ఇసుక మీద నిలబెట్టిన గుట్ట అద్దం మీదికి కూలుతుంది. అడుగున పలచటి థర్మాకోల్ షీట్ వేస్తే అద్దం మీద బరువు ఒకచోట పడదు. మూడింట రెండొంతుల ఎత్తు దాకా సందులు సందులుగా పేర్చండి, మధ్యలో ఒక ఖాళీ వదిలి రెండు గుట్టలు చేస్తే ఇంకా మంచిది. ఇసుక నదిదే, జల్లెడ పట్టి నీళ్లు తేరేదాకా కడిగింది. బీచ్ ఇసుక తేకండి, మన తీరంలో ఇసుకలో ఇల్మనైట్ వంటి నల్ల ఖనిజాలు ఎక్కువ, ఆ నల్ల రేణువుల్లో అయస్కాంతానికి అంటేవి పంపు లోపలి చక్రానికి పట్టుకుని దాన్ని అరగదీస్తాయి. ట్యాంక్ మొత్తం బరువు 180 కిలోలు సులువుగా దాటుతుంది, ఆ స్టాండ్ కింద నేల సమంగా ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి.

మేత విషయంలో మన వాళ్లు ప్రేమతో చేసే తప్పే ఎక్కువ. ఎంబునా పేగు పొడవైనది, పాచి అరిగించుకోవడానికి తయారైంది. కోడి కార్జం, ట్యూబిఫెక్స్ పురుగులు పెడితే ఆబగా తింటుంది, కొన్నాళ్లకి పొట్ట ఉబ్బి, మలం తెల్ల దారంలా వచ్చి, తిండి మానేసి మూల పడుతుంది. దాన్నే మలావీ బ్లోట్ అంటారు. మొదటి రెండు రోజుల్లో పట్టుకుంటే వేరే తొట్టిలో పెట్టి మెట్రోనిడజోల్ 40 లీటర్లకి 250 మిల్లీగ్రాములు వేసి, రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చి మళ్లీ వేస్తూ చూడొచ్చు, పొట్ట బాగా ఉబ్బాక అయితే నేను కాపాడినవి తక్కువ. రాకుండా చూసుకోవడమే మేలు. స్పిరులినా ఉన్న గుళికలు రోజుకి రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేంత. వారంలో ఒకరోజు ఉడికించి పొట్టు తీసిన బఠానీ, ఇంకోరోజు పూర్తి ఉపవాసం. ఎలక్ట్రిక్ యెల్లో మిగతావాటిలా పూర్తిగా పాచి చేప కాదు, పురుగూ పుట్రా కూడా తింటుంది, అప్పుడప్పుడూ కాస్త రొయ్య ముక్క పెట్టినా తట్టుకుంటుంది. కొత్తవాళ్లకి దాన్ని చెప్పడానికి అదొక కారణం.

ఇప్పుడు మీ రెండడుగుల ట్యాంక్. నిజం చెప్పాలంటే నాకు దాని గురించి రాయాలనే ఎక్కువ ఉత్సాహంగా ఉంది. 55 లీటర్లు వస్తుంది, దాన్ని ఎవరూ సిక్లిడ్ ట్యాంక్ అనుకోరు. ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సులో నియోథామా అనే నత్తల ఖాళీ గుల్లలు నేలమీద పరుపులా పేరుకుని ఉంటాయి, ఆ నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి అవి ఏళ్ల తరబడి కరిగిపోవు. ఆ గుల్లల్లోనే పుట్టి, అందులోనే దాక్కుని, అందులోనే గుడ్లు పెట్టే చేపలున్నాయి. వాటిలో చిన్నది మల్టీఫేసియేటస్, అందరూ మల్టీ అంటారు. మగది నాలుగున్నర సెంటీమీటర్లు, ఆడది మూడు. ఒంటి మీద సన్నని చారలు, పెద్ద నీలి కళ్లు. దాని సైజుకి దాని పౌరుషం చూడాలి, ట్యాంక్‌లో చెయ్యి పెడితే వేలిని కొరకడానికి వస్తుంది. నోటితో ఇసుక మోసి గుల్లని మెడదాకా పాతిపెట్టుకుంటుంది, పక్క గుల్లవాడి ఇసుకని తోసేస్తుంది, మళ్లీ వాడు తెచ్చి పోస్తాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కుర్చీ వేసుకుని గంటసేపు చూస్తాను, విసుగు రాలేదు ఇప్పటిదాకా. పిల్లలు పుడితే పెద్దవి తినవు, తరాలు తరాలుగా ఒకే కాలనీలో పెరుగుతాయి.

గుల్లలు ఎక్కడివి అంటారా. మన ఊరి చెరువుల్లో, వరి మళ్లలో ఉండే పెద్ద నత్త గుల్ల దీనికి అతికినట్టు సరిపోతుంది. ఎండలు ముదిరి చెరువు ఎండినప్పుడు గట్టు వారన ఖాళీ గుల్లలు బోలెడు పడి ఉంటాయి. బతికున్న నత్తల్ని తేనవసరం లేదు. మూతి రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా, అంచు విరగకుండా ఉన్నవి ఏరి, అరగంట మరగబెట్టి, నాలుగు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టండి. వాసన పూర్తిగా పోవాలి, లోపల మాంసం మిగిలితే ట్యాంక్ మొత్తం పాడవుతుంది. సన్నటి ఇసుక 5 సెంటీమీటర్ల మందం, చేపకి మూడు గుల్లల చొప్పున, ఒక స్పాంజ్ ఫిల్టర్, అంతే. 6 నుంచి 8 చేపలతో మొదలుపెట్టండి. పీహెచ్ 8కి తగ్గనివ్వకండి. మేత బాగా నలిపి వేయాలి. హేచరీల్లో రొయ్య పిల్లలకి పెట్టే ఆర్టీమియా పొదిగించి వేస్తే రెండు నెలల్లో పిల్లలు కనబడతాయి. చేపలు దొరకడానికి ఓపిక పట్టాలి, మన షాపుల్లో ఉండవు, పెంపకందార్ల దగ్గర ముందే చెప్పి ఉంచాలి.

కరెంటు గురించి ఒక్క మాట, మన జిల్లాల వాళ్లకి ఇది తప్పదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను కాశీబుగ్గలో ఉండేవాణ్ణి. రోజుల తరబడి కరెంటు లేదు. మొదటి రాత్రి నిద్రపోకుండా గంటకోసారి మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్లీ పోశాను, మేత పూర్తిగా ఆపేశాను, ఆ రెండే చాలా చేపల్ని నిలబెట్టాయి. పోయినవి నాలుగో రోజు పోయాయి, అదీ జనరేటర్ దొరికాక నేను చేసిన పని వల్ల. ఆగిపోయిన క్యానిస్టర్ ఫిల్టర్‌ని కడగకుండా ఆన్ చేశాను. లోపల బ్యాక్టీరియా చచ్చి కుళ్లిన నీళ్లన్నీ ట్యాంక్‌లోకి వచ్చేశాయి. కొన్ని గంటలకి మించి ఆగిన మూసి ఉన్న ఫిల్టర్ ఏదైనా ముందు తెరిచి కడిగి, తర్వాతే పెట్టండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి, అక్టోబరు వచ్చేలోపు బ్యాటరీలు చూసుకోండి. వేసవిలో నీళ్లు 31, 32 డిగ్రీలకి వెళ్తే మూత తీసి వల కప్పి, పక్క నుంచి చిన్న ఫ్యాన్ పెట్టండి, గాలి పంపు ఇంకోటి జోడించండి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. హీటర్ మీకు జనవరి రాత్రుల్లో తప్ప అవసరం పడదు.

ఆడ చేప తిండి మానేసి గొంతు కింద సంచీలా ఉబ్బి ఉంటే బ్లోట్ అని మందు వేసేయకండి, గుడ్లు నోట్లో పెట్టుకుని ఉండొచ్చు. మూడు వారాలు అలాగే ఉంటుంది. పిల్లలు ఎక్కువైతే ఎవరికైనా ఇవ్వండి, షాపుకి ఇవ్వండి, కానీ పెద్దచెరువులోనో, ఏ కాలువలోనో మాత్రం వదలకండి. తిలాపియా వచ్చాక మన చెరువుల్లో దేశవాళీ చేపలకి ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు.

ఇవాళ రాత్రికి చేయాల్సింది. రెండడుగుల ట్యాంక్‌లో పెద్ద ట్యాంక్ నీళ్లే సగం నింపి, పాత ఫిల్టర్ స్పాంజ్‌లో ఒక ముక్క కోసి అందులో పెట్టి, ఎయిర్ పంప్ ఆన్ చేసి, ఆ నల్లబడుతున్న ఆరటస్‌ని అందులోకి మార్చండి. లైటు ఆపితే పట్టుకోవడం సులువు. తర్వాత పెద్ద ట్యాంక్‌లో రాళ్లన్నీ చోటు మార్చి పేర్చండి, పాత ఇలాకాలు చెరిగిపోతాయి, మిగిలిన ఎనిమిదీ కొన్ని రోజులు ఊపిరి పీల్చుకుంటాయి. ఆరటస్‌ని నాలుగడుగులు పైన ట్యాంక్ ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకుంటే ఇచ్చేయండి. శ్రీకాకుళంలో నాకు తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, కావాలంటే అడుగుతాను. మిగిలిన ఎనిమిదింటినీ పగటి వెలుతురులో పక్కనుంచి ఒక్కోటి ఫొటో తీసి పెట్టండి, ఏవి ఉంచుకోవచ్చో ఏవి మార్చాలో పేరు పేరునా చెప్తాను. ల్యాబ్ రిపోర్టు వచ్చాక ట్యాంక్ అంకెలు, బోరు అంకెలు రెండూ ఇక్కడే రాయండి. సోడా ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో, అది చూశాక లెక్క కట్టి ఇస్తాను, అప్పటిదాకా ఏమీ కలపకండి.